ఆ బాక్సు మీద 28 నాబ్‌లు ఎందుకున్నాయో చెప్పగలరా?

కాలేజీ ఫెస్ట్‌లో బ్యాండ్ వాయిస్తుంటే మీరు గమనించే ఉంటారు. పాట మొదట్లో ఎలక్ట్రిక్ గిటార్ గాజు గ్లాసు మీద చెంచాతో కొట్టినట్టు టింగుమంటూ వినిపిస్తుంది. చరణం అయ్యేసరికి అదే గిటార్, అదే మనిషి, అవే తీగలు... రంపం మిషన్ ఆన్ చేసినట్టు గర్జిస్తుంది. మధ్యలో ఆ కుర్రాడు చేసిందల్లా కాలితో ఒక స్విచ్ నొక్కడం. మనం విజిల్ వేసి ఊరుకుంటాం. కానీ మీరు ఈసీఈ, ట్రిపుల్‌ఈ చదువుతూ 'కోర్ జాబ్ కావాలి' అంటున్నవారైతే, విజిల్ వేశాక ఒక్క ప్రశ్న వేసుకోండి. ఆ స్విచ్ నొక్కినప్పుడు లోపల ఏం మారింది?

ఆ బాక్సును మల్టీ ఛానెల్ గిటార్ యాంప్లిఫయర్ అంటారు. ఇక్కడ నేను 'ఉద్యోగం కావాలంటే మీరూ ఈ యాంప్‌లా మల్టీ ఛానెల్ అవ్వాలి' అని మొదలుపెడతానని అనుకుంటున్నారేమో. అలాంటి ఉపన్యాసాలు మోటివేషన్ స్పీకర్లు ఎలాగూ ఇస్తారు. నేను చెప్పేది అంతకంటే చిన్న విషయం. రెండో ఏడాదిలో ఎలక్ట్రానిక్ డివైసెస్ ల్యాబ్‌లో మనం సీనియర్ రికార్డు చూసి కాపీ కొట్టిన సర్క్యూట్లన్నీ ఈ ఒక్క బాక్సులో ఉన్నాయి. అక్కడ ప్రతి రెసిస్టర్ విలువకీ ఒక కారణం ఉంది, ఆ కారణం చెవికి వినిపిస్తుంది కూడా. అందుకే, మార్కెట్లో దొరికే రెడీమేడ్ ప్రాజెక్టు కొనడం కంటే దీని సర్క్యూట్ చదవడం మంచిదని నా అభిప్రాయం.

ఒక అసలు ఉదాహరణ తీసుకుందాం. ఇంగ్లండ్‌కి చెందిన మార్షల్ కంపెనీ 2007లో జేవీఎం410హెచ్ అనే యాంప్ తెచ్చింది. 100 వాట్లు. నాలుగు ఛానెళ్లు: క్లీన్, క్రంచ్, ఓవర్‌డ్రైవ్ 1, ఓవర్‌డ్రైవ్ 2. ఒక్కో దానిలో ఆకుపచ్చ, నారింజ, ఎరుపు అని మూడు మోడ్‌లు. అంటే 12 రకాల గొంతులు. ముందు ప్యానెల్ మీద 28 నాబ్‌లు. మొదటిసారి చూస్తే విమానం కాక్‌పిట్ గుర్తొస్తుంది. లెక్క మాత్రం తేలికే. ఒక్కో ఛానెల్‌కి గెయిన్, బాస్, మిడిల్, ట్రెబుల్, వాల్యూమ్, రివర్బ్ అని ఆరు చొప్పున 24. అన్నిటికీ ఉమ్మడిగా ప్రెజెన్స్, రెజొనెన్స్, రెండు మాస్టర్ వాల్యూమ్‌లు. మొత్తం 28.

అసలు ఆసక్తికరమైన లెక్క ఇంకోటుంది. 12 గొంతులున్న ఆ యాంప్‌లో ట్యూబ్‌లు తొమ్మిదే. ముందు భాగంలో ఐదు చిన్న ఈసీసీ83లు, పవర్ భాగంలో నాలుగు పెద్ద ఈఎల్34లు. నాలుగు ఛానెళ్లంటే నాలుగు యాంప్‌లను ఒక డబ్బాలో కుక్కినట్టు కాదన్నమాట. ఉన్న దారినే కొద్దికొద్దిగా మళ్లిస్తారు. ఒక చోట రిలే పడి అదనంగా ఇంకో గెయిన్ స్టేజి కలుస్తుంది, ఇంకో చోట ఒక కెపాసిటర్ లోపలికి వస్తుంది లేదా బయటికి పోతుంది. ఈ రిలేలకి ఆజ్ఞలిచ్చేది డిజిటల్ కంట్రోల్ సర్క్యూట్. 1960ల నాటి ట్యూబ్ టెక్నాలజీని నడిపించేది ఎంబెడెడ్ బుర్ర.

'ట్యూబ్‌లా? అవి మా సిలబస్‌లోనే లేవు కదా' అంటారు. నిజమే. కానీ మీ బీజేటీ కామన్ ఎమిటర్ స్టేజి గుర్తుందా? కలెక్టర్ బదులు ప్లేట్, ఎమిటర్ బదులు క్యాథోడ్, బేస్ బదులు గ్రిడ్ అనుకోండి, బొమ్మ దాదాపు అదే. ఈసీసీ83ని అమెరికాలో 12ఏఎక్స్7 అంటారు. ఒక్క గాజు బుడ్డిలో రెండు ట్రయోడ్‌లు, ఒక్కో దాని యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ 100. అంతే తేడా.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగం. దయచేసి పెన్ను తీసుకోండి.

ఫెండర్ అనే అమెరికన్ కంపెనీ యాంప్‌లలో మొదటి ట్యూబ్ క్యాథోడ్ దగ్గర 1.5 కిలో ఓమ్‌ల రెసిస్టర్, దానికి ప్యారలల్‌గా 25 మైక్రోఫారడ్‌ల బైపాస్ కెపాసిటర్ ఉంటాయి. మార్షల్ లీడ్ యాంప్‌లలో అదే చోట 2.7 కిలో ఓమ్‌లు, 0.68 మైక్రోఫారడ్‌లు. రెండింటికీ 1/2పైఆర్‌సీ వేయండి. ఫెండర్‌ది సుమారు 4 హెర్ట్జ్ వస్తుంది. మార్షల్‌ది సుమారు 87. ట్యూబ్ లోపలి రెసిస్టెన్స్ కూడా కలిపితే ఈ రెండు సంఖ్యలూ ఇంకొంచెం పైకి వెళ్తాయి. గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ స్వరం 82 హెర్ట్జ్. అంటే ఫెండర్ మొత్తం గిటార్‌ని సమానంగా పెంచుతుంటే, మార్షల్ కింది స్వరాలకి కావాలనే తక్కువ గెయిన్ ఇస్తోంది.

ఎందుకు? తరవాతి స్టేజిలో సిగ్నల్‌ని బాగా క్లిప్ చేయబోతున్నారు కాబట్టి. బాస్ ఎక్కువగా ఉన్న సిగ్నల్‌ని క్లిప్ చేస్తే వచ్చేది గర్జన కాదు, గుంతలో బురద తొక్కిన చప్పుడు. ముందే బాస్ తగ్గించి, క్లిప్ చేసి, తరవాత టోన్ కంట్రోల్స్‌తోనూ స్పీకర్ దగ్గరా కావాల్సిన బరువు తిరిగి తెచ్చుకుంటారు. క్లీన్ సౌండ్‌కి మాత్రం ఆ బాస్ ముందు నుంచే కావాలి, లేకపోతే రేకు డబ్బాలా పీలగా వినిపిస్తుంది.

క్లీన్‌కి కావాల్సింది, డిస్టార్షన్‌కి కావాల్సింది ఒకదానికొకటి వ్యతిరేకం. రెండు ఛానెళ్లు అవసరమైంది ఇందుకే. ల్యాబ్‌లో సెమీలాగ్ షీట్ మీద మైనస్ 3 డీబీ దగ్గర గీత గీసి సంతకం పెట్టించుకున్నాం కదా, ఆ గీత విలువ ఇది. ఆ రోజు ఎవరైనా 'ఈ గీతని ఇటు జరిపితే గిటార్ ఇలా మోగుతుంది' అని చెప్పి ఉంటే మా బ్యాచ్‌లో సగం మంది ఆ సబ్జెక్టుని ద్వేషించేవాళ్లు కాదు.

చరిత్ర కూడా క్లుప్తంగా. ఛానెల్ అనే మాట పాతదే. 1963లో వచ్చిన ఫెండర్ ట్విన్ రివర్బ్ మీద నార్మల్, వైబ్రాటో అని రెండు ఛానెళ్లుండేవి. అయితే కాలితో మార్చుకునేందుకు కాదు, రెండు వాద్యాలు తగిలించుకోవడానికి. అంతకుముందు ఏడాదే లండన్‌లో జిమ్ మార్షల్ సంగీత వాద్యాల దుకాణంలో ఫెండర్ బాస్‌మన్ సర్క్యూట్‌ని చూసి, ఇంగ్లండ్‌లో దొరికే విడిభాగాలతో జేటీఎం45 తయారుచేశారు. నకలే, కానీ ట్యూబ్‌లు, ట్రాన్స్‌ఫార్మర్, స్పీకర్లు మారేసరికి గొంతే మారిపోయింది. తరవాత కాలిఫోర్నియాలో రాండల్ స్మిత్ అనే రిపేర్ మెకానిక్ చిన్న ఫెండర్ ప్రిన్స్‌టన్ బాక్సులో దాని స్థాయికి మించిన సర్క్యూట్ ఇరికించాడు. అది కార్లోస్ సాంటానా లాంటి వాళ్ల చేతుల్లో పడి మీసా బూగీ కంపెనీ అయింది. ఒక గెయిన్ స్టేజి వెనక ఇంకోటి వరసగా పేర్చడం, చివర్లో మాస్టర్ వాల్యూమ్ పెట్టి ఇంట్లో వాళ్లు తిట్టకుండానే డిస్టార్షన్ రప్పించడం ఆయన యాంప్‌లతో జనంలోకి వెళ్లింది. 1970ల చివర్లో వచ్చిన మార్క్ 2లో లీడ్, రిథమ్ మధ్య కాలితో మారే ఏర్పాటు ఉంది. 1986లో విడుదలైన మెటాలికా 'మాస్టర్ ఆఫ్ పప్పెట్స్' రికార్డింగ్‌లో వాడింది దాని తరవాతి రూపమైన మార్క్ 2సీ ప్లస్‌నే.

ఇందులో ఒక్క మాట నన్ను పట్టుకుంది. రిపేర్ మెకానిక్. ఆయన పాడైన యాంప్‌లు బాగుచేస్తూ నేర్చుకున్నాడు. మనం బాగా ఉన్న ప్రాజెక్టు కొనుక్కుని ఏమీ నేర్చుకోం.

నా సంగతి చెప్పేస్తాను. ఫైనలియర్‌లో నేనూ, మా టీమ్‌లో ఇంకో ముగ్గురూ కలిసి డబ్బులు వేసుకుని ప్రాజెక్టు కొన్నాం. బోర్డు, కోడ్, 60 పేజీల రిపోర్టు, పీపీటీ అన్నీ ఒకే కవర్లో ఇచ్చారు. ఆ తరవాత ఒక కోర్ కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లాను. ఆయన నా సర్క్యూట్ డయాగ్రమ్ చూసి అడిగింది ఒక్కటే: 'ఈ కెపాసిటర్ 10 మైక్రోఫారడ్‌లు ఎందుకు పెట్టావు? 1 పెడితే ఏమవుతుంది?' నాకు తెలీదు. పెట్టింది నేను కాదు మరి. 'స్టాండర్డ్ వాల్యూ సర్' అన్నాను. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. ఫైలు మూసి నా వైపు జరిపారు. ఆరేళ్లు దాటింది. ఆ ఫైలు టేబుల్ మీద జారిన చప్పుడు ఇంకా గుర్తుంది.

ఆ ఖాళీ నెలల్లోనే మా హాస్టల్ రూమ్మేట్ పాత రెండు ఛానెళ్ల ట్రాన్సిస్టర్ యాంప్ ఒకటి పాడైతే, దాని బొమ్మ వెతికి చదవడం మొదలుపెట్టాను. ఎక్కడ చూసినా అదే ప్రశ్న, ఇది ఇంత ఎందుకు? ఈసారి జవాబులు దొరికాయి, విని సరిచూసుకునే వీలు కూడా దొరికింది.

సరే, గిటార్ వాయించేవాళ్లలో ఒక వర్గం ఉంది. వాళ్లకి ఈ 28 నాబ్‌లంటే చిరాకు. ఒకే ఛానెల్ ఉన్న మార్షల్ 2203 లాంటి యాంప్ చాలు, క్లీన్ కావాలంటే గిటార్ మీదున్న వాల్యూమ్ తగ్గిస్తే సరిపోతుందంటారు. వాళ్ల మాటలో సగం నిజముంది. వాల్యూమ్ తగ్గిస్తే సిగ్నల్ క్లిప్పింగ్ హద్దు దాటదు, శబ్దం శుభ్రపడుతుంది, వేళ్ల కదలికకి స్పందించే తీరు కూడా బాగుంటుంది. కానీ ఆ 0.68 మైక్రోఫారడ్ కెపాసిటర్ అక్కడే కూర్చుని ఉంటుంది కదా. తగ్గించిన బాస్ తగ్గించినట్టే ఉంటుంది. క్లీన్ వస్తుంది, నిండుతనం రాదు. చవక రెండు ఛానెళ్ల యాంప్‌లలో ఇంకో తిరకాసు ఉంది. ఛానెళ్లు రెండు, బాస్-మిడ్-ట్రెబుల్ నాబ్‌లు మాత్రం ఒక్క జతే. క్లీన్‌కి సరిచేస్తే లీడ్ చెడుతుంది, లీడ్‌కి సరిచేస్తే క్లీన్. 24 నాబ్‌లు చాదస్తం కాదని, ఈ రాజీ తప్పించుకోవడానికి కట్టిన మూల్యమని నా వాదన.

అలాగని పూర్తిగా తప్పించుకున్నారా? లేదు. నాలుగు ఛానెళ్లూ చివరికి అవే నాలుగు ఈఎల్34లు, అదే ట్రాన్స్‌ఫార్మర్, అవే స్పీకర్ల గుండా పోవాల్సిందే. అందుకే జేవీఎం క్లీన్ ఎంత బాగున్నా అది మార్షల్ క్లీనే, ఫెండర్ క్లీన్ కాదు. 12 గొంతులూ ఒకే ఇంటి అన్నదమ్ముల్లా ఉంటాయి. నాకైతే ఇది లోపంగా అనిపించదు. కొనేవాళ్లు మాత్రం బ్రోచర్‌లో '12' చూసి 12 వేర్వేరు యాంప్‌లని మోసపోకూడదు. అన్నట్టు, '100 వాట్లు' అనే అంకె చూసి కూడా. 50 వాట్ల యాంప్ కంటే అది పెద్దగా ఉండేది 3 డీబీ మాత్రమే. ఎందుకో లాగ్ వేసి చూసుకోండి.

డిస్టార్షన్ అంటే మెటల్ మ్యూజిక్ గోలేగా అని కొట్టిపారేయకండి. క్లీన్ అన్నా, క్రంచ్ అన్నా చివరికి స్వరం ఎంతసేపు నిలుస్తుంది, అందులో ఏ హార్మోనిక్‌లు ఎంతున్నాయి అన్నదే విషయం. మన పాలకొల్లు నుంచి వెళ్లిన మాండలిన్ యు.శ్రీనివాస్‌నే తీసుకోండి. మామూలు మాండలిన్ తీగ మీటగానే స్వరం చచ్చిపోతుంది, గమకం పలికేంత సేపు నిలవదు. ఆయన ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకుని కర్ణాటక సంగీతం పలికించారు. స్వరం నిలబడటంలో పికప్, యాంప్లిఫయర్‌ల వాటా ఉంది. హార్మోనిక్‌ల సంగతికొస్తే, వేవ్‌ని పైనా కిందా సమానంగా కోస్తే బేసి హార్మోనిక్‌లే వస్తాయి. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ కోస్తే సరి హార్మోనిక్‌లూ వస్తాయి. మార్షల్ 2203లో రెండో స్టేజి క్యాథోడ్‌కి బైపాస్ కెపాసిటర్ లేకుండా 10 కిలో ఓమ్‌లు పెట్టింది అందుకే. ట్యూబ్ కటాఫ్ అంచున కూర్చుని వేవ్‌లో ఒక పక్కనే ముందుగా కోసేస్తుంది. మీరు పరీక్షలో 'క్యూ పాయింట్ లోడ్‌లైన్ మధ్యలో ఉండాలి' అని రాశారు. ఇక్కడ ఒక ఇంజినీర్ కావాలనే దాన్ని అంచుకి నెట్టాడు. మధ్యలో ఎందుకుండాలో నిజంగా అర్థమైతేనే ఎప్పుడు ఉండక్కర్లేదో తెలుస్తుంది.

'బాగానే ఉంది, కానీ దీంతో ఉద్యోగం ఎక్కడిది? ట్యూబ్ యాంప్‌లు మన దగ్గర ఎవరు తయారుచేస్తున్నారు?' న్యాయమైన ప్రశ్న. ట్యూబ్ యాంప్ కంపెనీలో ఉద్యోగం కోసం చదవమని నేననడం లేదు. ఇప్పుడు ఈ యాంప్‌లన్నీ సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తున్నాయి. 1990ల చివర్లో లైన్ 6 పాడ్‌తో మొదలై, ఫ్రాక్టల్, కెంపర్, ఫిన్లండ్‌కి చెందిన న్యూరల్ డీఎస్పీ దాకా, అందరూ చేస్తున్నది ఆ ట్యూబ్ సర్క్యూట్ ప్రవర్తనని కోడ్‌గా రాయడమే. న్యూరల్ యాంప్ మోడలర్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ మీ ల్యాప్‌టాప్‌లోనే నడుస్తుంది. కోడ్ మొత్తం చదువుకోవచ్చు.

ఇందులో పని చేయాలంటే ఏం తెలియాలో చూడండి. 48 కిలోహెర్ట్జ్ శాంప్లింగ్‌లో 5 కిలోహెర్ట్జ్ స్వరాన్ని డిజిటల్‌గా క్లిప్ చేశారనుకోండి. తొమ్మిదో హార్మోనిక్ 45 కిలోహెర్ట్జ్. అది 24 దాటింది కాబట్టి మడతపడి 3 కిలోహెర్ట్జ్ దగ్గర, పాటకి సంబంధం లేని అపస్వరంగా తేలుతుంది. దీన్ని ఆపడానికి ఓవర్‌శాంప్లింగ్ కావాలి. ఓవర్‌శాంప్లింగ్ చేస్తే ప్రాసెసర్ భారం పెరుగుతుంది. భారం తట్టుకోలేక బఫర్ పెంచితే ఆలస్యం పెరుగుతుంది. 128 శాంపిళ్ల బఫర్ అంటే 2.7 మిల్లీసెకన్లు. వాయించేవాడి వేళ్లకి ఆలస్యం తెలియకూడదు. అలియాసింగ్, ఫిల్టర్ డిజైన్, ఫిక్స్‌డ్ పాయింట్, రియల్ టైమ్ సీ ప్లస్ ప్లస్... ఇవే తలనొప్పులు ఫోన్‌లో నాయిస్ క్యాన్సలేషన్ రాసేవాళ్లకీ, కారు ఆడియో చేసేవాళ్లకీ, ఇయర్‌బడ్స్ చేసేవాళ్లకీ ఉంటాయి. హైదరాబాద్‌లో క్వాల్‌కామ్, బెంగళూరులో హర్మన్, డాల్బీ ఉన్నాయి. 'ఆడియో డీఎస్పీ' అని జాబ్ పోర్టల్‌లో ఒకసారి కొట్టి, ఆ జేడీలు నెమ్మదిగా చదవండి. సీట్లు తక్కువే, జావా ఫుల్‌స్టాక్ అంత ఉండవు. ఆ మాట దాచను.

మొదలుపెట్టాలనుకుంటే ఒక హెచ్చరిక. ట్యూబ్ యాంప్ మూత మాత్రం తీయొద్దు. లోపల 400 వోల్టులు దాటి ఉంటాయి, ప్లగ్ పీకేసినా కెపాసిటర్లలో ఆ చార్జి నిలిచి ఉంటుంది. హీరోయిజం వద్దు. ఎల్‌టీస్పైస్ ఉచితం, 12ఏఎక్స్7 మోడళ్లూ ఉచితంగా దొరుకుతాయి. రెండు స్టేజీలు గీసి, నేను పైన చెప్పిన రెండు కెపాసిటర్లూ మార్చి మార్చి ఏసీ అనాలిసిస్ నడపండి.

చేత్తో చేయాలనుంటే 9 వోల్టుల బ్యాటరీతో నడిచే ఓవర్‌డ్రైవ్ పెడల్ సర్క్యూట్ మంచిది. ఐబనీజ్ ట్యూబ్ స్క్రీమర్‌లో ఉన్న 4558 ఆప్‌యాంప్, రెండు డయోడ్‌లు, పిడికెడు రెసిస్టర్లు. కోఠీ గుజరాతీ గల్లీలో కొన్ని వందల రూపాయలతో అన్నీ వస్తాయి. అందులో 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్, 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ జతగా ఉంటాయి. 720 హెర్ట్జ్ కింద గెయిన్ తగ్గించేది అవే. డ్రైవ్ నాబ్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పితే గెయిన్ దాదాపు 12 నుంచి 118కి వెళ్తుంది. ఫీడ్‌బ్యాక్‌లో ఉన్న 51 కిలో ఓమ్‌లు, దానికి సిరీస్‌లో 500 కిలో ఓమ్‌ల పాట్, కింద 4.7. ఇంతకుమించి నేను చెప్పను, ఫార్ములా మీకొచ్చు.

అది పనిచేశాక, 0.047 పీకేసి 0.47 పెట్టండి. ఫ్రెండ్ గిటార్ లేకపోతే ఫోన్‌లోంచి రికార్డ్ చేసిన గిటార్ సిగ్నల్ పంపినా చాలు, వాల్యూమ్ మాత్రం బాగా తగ్గించి మొదలుపెట్టండి. లావు తీగ స్వరం ఎలా మారిందో వినండి. డయోడ్‌లు తీసి రెండు ఎర్ర ఎల్‌ఈడీలు పెట్టి మళ్లీ వినండి. విన్నది విన్నట్టు, తేదీతో సహా, ఒక పుస్తకంలో రాసుకోండి. రెజ్యుమెలో 'ప్రాజెక్ట్స్' కింద ఆ ఒక్కటే రాసి, ఇంటర్వ్యూకి ఆ పుస్తకం పట్టుకెళ్లండి. కెపాసిటర్ 10 రెట్లు పెంచితే ఏమవుతుందని వాళ్లు అడుగుతారు. అడక్కపోతే మీరే చెప్పండి.